లేటుగా వచ్చిన బండి

“గీ సారే. బండి మీద అచ్చింది గీయననే,” అంటూ గంగమ్మ వేలు చూపించింది.

హాల్లో ఉన్నవాళ్లంతా అటు తిరిగి చూశారు. గోడ పక్కన ఖాకీ యూనిఫాంలో నిలబడ్డ దశరథం తల దించుకున్నాడు. ఆయన లీడింగ్ ఫైర్‌మన్. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్లలో, కోరుట్లలో పసుపు గోదాముల్లో మంటలు ఆర్పుతూ సర్వీసంతా గడిపిన మనిషి. వచ్చే నెలాఖరుకు రిటైర్మెంట్. ఇలా నలుగురి ముందు దోషిలా నిలబడడం మాత్రం ఇదే మొదలు.

విచారణకు వచ్చిన అధికారి దామోదర్ రావు కళ్లజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. పొద్దుటి నుంచి ఇలాంటివి వినీ వినీ ఆయనకు విసుగొచ్చింది.

“ఏమైందో చెప్పమ్మా.”

“ఏం చెప్పాలె సారూ. బర్ల కొట్టం అంటుకున్నదని ఫోన్ చేస్తిమి. బిందెలతోని నీళ్లు పోసుకుంట ఎంతసేపు సూసినా బండి రాకపాయె. అచ్చేసరికి అంత కాలి బుగ్గయింది. రెండు బర్లు సచ్చినయ్. మా ఆయన మస్కట్ల ఉంటడు, ఆడ పనే సక్కగ లేదు. నాకు గా పాలే ఆధారం.”

“ఎందుకు లేటయింది దశరథం?”

“దూరం సార్. సారంగాపూర్ దాటి ఇంకా లోపలికి పోవాలె. మాకున్నది ఒక్కటే బండి.”

“అటు దిక్కు ఇంకో బండి కావాలని అడగాలె గదా?”

“ప్రతి ఎండకాలం అడుగుతనే ఉన్నం సార్. గా ఊర్ల నుంచి ఒక్క కంప్లైంట్ లేదు, బండి అవసరం లేదని వాపస్ పంపుతరు.”

దామోదర్ రావు అది రాసుకున్నాడు. ఆయనకు తెలియని సంగతి కాదు. మన ఆఫీసుల్లో దూరాన్ని పిలిచి సంజాయిషీ అడిగే పద్ధతి లేదు. మనిషి దొరికితే మాత్రం వెంటనే అడుగుతారు. ఆయన దశరథాన్ని, బండి డ్రైవర్ తిరుమలను పక్కకు పిలిచాడు.

“దశరథం, నీ పేరు సేవా పతకానికి పోవాలె. ఎంక్వైరీ నడుస్తుంటే పంపరాదు. ఈ వారమే ఆఖరు. ఆమెతోని మాట్లాడుండ్రి. కంప్లైంట్ వాపస్ తీసుకుంటే ఎంక్వైరీ ఇయ్యాల్నే బంద్ చేస్త.”

దశరథం కదల్లేదు. తిరుమలే గబగబా వరండాలోకి పోయి గంగమ్మను పట్టుకున్నాడు.

“అక్కా, అన్న చేతులు సూసినవా? నీ దూడ పలుపుతాడు కోస్తుంటెనే కాలినయ్. గా దినం నువ్వే మజ్జిగిచ్చి దండం పెడితివి. ఇప్పుడు గాయిన పతకం పోతది అక్కా. వాపస్ తీసుకో.”

గంగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తిరుమల భుజం మీదుగా, గుమ్మంలో నిలబడ్డ దశరథం వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు తల ఊపాడు.

“నేను తీసుకోను తమ్మీ,” అందామె. “నా బర్లు తిరిగస్తయా?”

తిరుగు దారంతా తిరుమల గొణుగుతూనే బండి నడిపాడు.

“ఆమెకు ఇజ్జత్ లేదన్నా. అందర్ల నిన్నే సూపెట్టింది. లోపలికి నువ్వే దుంకితివి, నిన్నే సూపెట్టింది.”

“పోనీ తియ్. నష్టపోయిన మనిషి.”

“నువ్వు గిట్ల మెత్తగుంటవనే అందరికీ అలుసు.”

ఇంతలో ఇంటి నుంచి ఫోన్. భార్య భాగ్య.

“ఏమాయె? నీ పేరు పంపిన్రా?”

“లేదు. ఈసారి కాదట.”

“ఈసారి కాకుంటే ఇంకెన్నడు? వచ్చే నెల దిగిపోతవ్. బిడ్డకు కూడ చెప్పిన. అక్షిత అందరికి చెప్పుకున్నది.”

దశరథం ఫోన్ జేబులో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు. పతకం మీద ఆశ లేదంటే అబద్ధం. ఎన్ని మంటల్లోకి దూకినా, మంట ఆరాక జనం కాలిపోయిన దాన్నే చూస్తారు. ఒక్కసారైనా ఎవరైనా తన వైపు చూసి శభాష్ అంటే బాగుండునని ఆయనకూ ఉంది. ఆ వయసులో అది బయటికి చెప్పుకోలేడు.

పతకాలకు ఎంపికైన వాళ్ల పేర్లు వచ్చాయి. అందులో దశరథం లేడు. ఆ తర్వాత విచారణ తేలింది. సిబ్బంది తప్పు లేదు, దూరమే కారణం, ప్రజల నుంచి ఫిర్యాదు ఉన్నందున అటువైపు ఊళ్లకు వెంటనే ఒక బండిని, మనుషులను ఇవ్వాలని తేల్చారు. ఇన్నేళ్లు అడిగితే రానిది ఒక్క తిట్టుతో వచ్చింది. మెచ్చుకోలుకు కదలని ఫైళ్లు తిట్లకు పరుగెత్తడం మనకు కొత్తేమీ కాదు.

దశరథం రిటైరైన రోజు స్టేషన్‌లోనే చిన్న సన్మానం చేశారు. వస్తామన్న పెద్దలు రాలేదు. ఉన్న నలుగురే శాలువా కప్పి, దండ వేసి, ఫోటో దిగారు. ఛాయ్ తాగుతుంటే తిరుమల కడుపులో మాట ఆపుకోలేకపోయాడు.

“వాళ్ల ఊర్లకు బండి అచ్చింది. నిన్న పెసరు చేన్ల మంటలేస్తే నిమిషాలల్ల పోయి ఆర్పిన్రట. నీకేమచ్చిందన్నా?”

“వాళ్లకచ్చింది గదరా.”

“గామె ఒక్క మాట వాపస్ తీసుకుంటే నీ ఛాతీ మీద పతకం ఉంటుండె.”

దశరథం నవ్వబోయాడు, కానీ అలసటతో నవ్వు సగంలోనే ఆగిపోయింది. అప్పుడే ఫోన్ మోగింది. తెర మీద పేరు తిరుమల కంట పడింది.

“గంగమ్మనా? ఏం మొహం పెట్టుకొని చేస్తున్నది? ఎత్తకన్నా.”

దశరథం శాలువా కుర్చీ మీద పెట్టి, ఫోన్ తీసుకుని బండి వెనక్కి నడిచాడు. అవతల చాలాసేపు ఏడుపే వినిపించింది.

“కంప్లైంట్ల నీ పేరు చెప్పుమని నువ్వే అంటివి గని, నాకు పాపం తగులుతదా అన్నా?”