పేరు లేని ఎక్స్‌రే

“ఆ ఎక్స్‌రే ఎవరిదయ్యా?”

గుమ్మంలోంచే గద్దించాడు సీనియర్ లెక్చరరు ఉమాకాంతం. అరవై రెండులో యూనివర్సిటీ వాళ్ళు నందిగామలో పెట్టిన ఆరోగ్య విద్య క్లాసు అది. కిటికీ వెలుగుకు ఎక్స్‌రే ఎత్తిపట్టి క్షయ గురించి చెబుతున్న కుర్ర లెక్చరరు ప్రేమదాసు ఆగిపోయాడు. నలభై మంది విద్యార్థులూ వెనక్కి తిరిగారు.

“ఒక పేషెంటుదండి.”

“ఆ మాత్రం మాకూ తెలుసు. పేరేంటని!”

“పేరు చెప్పకూడదండి.”

ఉమాకాంతానికి ఒళ్ళు మండింది. పదిహేనేళ్ళ సర్వీసు తనది. తన క్లాసులో సగం బెంచీలు ఖాళీ. నిన్నగాక మొన్న చేరిన వీడి పాఠానికేమో జగ్గయ్యపేట, చిల్లకల్లు పిల్లలు మొదటి బస్సుకే దిగిపోతారు. కళ్ళల్లో నిప్పులు పోసుకోక ఏం చేస్తాడు? అది చాలదన్నట్టు పొద్దున భార్య లలితాంబ కూడా, “ఆ ప్రేమదాసు గారు బాగా చెబుతారటండీ” అంది. ఏదో నోమంటూ రెండు నెలలుగా కంచం, గ్లాసు విడిగా పెట్టుకుని ఓ మూల కూర్చుని తినే మనిషి! ఆమె చెవిదాకా పోయిందా వీడి కీర్తి? ఉమాకాంతానికి అన్నం సహించలేదు.

ఇవాళ దొరికాడు.

“రోగిని అడక్కుండా వాళ్ళ రోగం నలుగురికీ చూపించడం తప్పని నువ్వే కదయ్యా పాఠం చెప్పావు? అనుమతి ఏదీ?”

“కవర్లో ఉత్తరం ఉందండి. ఎవరికీ చూపించనని మాటిచ్చా.”

“ఉంటే కదా చూపించడానికి! విన్నారా, ఇదీ మీ మాష్టారి నీతి!”

ముందు బెంచీలోంచి కృపావతి లేచింది. “మా సార్ అబద్ధమాడరండి.”

పుండు మీద కారం చల్లినట్టయింది. ఉమాకాంతం విసవిసా వచ్చి బల్లమీది కవరు లాక్కున్నాడు.

“మీకు దణ్ణం పెడతానండి, అది మాత్రం చదవద్దండి!” ప్రేమదాసు చేతులు జోడించాడు.

ఆ దణ్ణం చూసి ఉమాకాంతం కడుపు చల్లబడింది. ఉత్తరం విప్పి, క్లాసంతటికీ వినబడేలా మొదలుపెట్టాడు.

“‘అయ్యా, నా ఎక్స్‌రే మీ పిల్లలకు చూపించండి. నాలాంటి వాళ్ళకు మేలు జరుగుతుంది. పేరు మాత్రం బయటపెట్టవద్దు. జబ్బు సంగతి ఇంట్లో తెలియదు. నోమని చెప్పి కంచం, గ్లాసు విడిగా...’”

చదవడం ఆగిపోయింది. చూపు జారి సంతకం మీద పడింది. కాగితం మడిచి కవర్లో పెట్టేశాడు.

“ఎవరిదండీ ఆ ఉత్తరం?” అడిగింది కృపావతి.

ఉమాకాంతం కవరు తెచ్చి ప్రేమదాసు చేతిలో పెట్టి, ఆమె వైపు తిరిగాడు.

“పేరు చెప్పకూడదమ్మా.”