ముగ్గురు మనుషులు, ముప్పై జతలు

భాగీరథికి ఒక్కటే భయం: తన వంతు వచ్చేలోపే చంకలోని చంటిదానికి జ్వరంతో మళ్లీ ఫిట్స్ వస్తాయని.

సూరత్‌లో తెలుగు మగ్గం పనివాళ్లుండే ఆ బస్తీ దవాఖాన నుంచి రెండో డాక్టరమ్మను ఆ పొద్దే వేరేచోటికి పంపేశారు. పంపించిన ఆఫీసరు జయదేవ్ లెక్కలు ఎక్కించే ట్యాబ్ పట్టుకుని వరండాలో నిలబడ్డాడు.

"లైన్లో ఎప్పుడు చూసినా ముగ్గురేనమ్మా. మా లెక్క ప్రకారం ఒక్క డాక్టరు చాలు."

"ఎవరిని లెక్కవెట్టినవ్ సారూ?"

"నిలబడ్డవాళ్లని."

"పిల్లల్నెత్తుకొని ఎండల ఎవరు నిలబడ్తరు? చెప్పులు లైన్ల పెట్టి, పోయి నీడకు కూసుంటం. జర కిందికి చూడు!"

ముప్పై జతలు వరసగా ఉన్నాయి. వారం రోజులుగా జయదేవ్ వాటిని దాటుకుంటూనే లోపలికి నడుస్తున్నాడు.

"మా ఫార్ములాలో చెప్పులు రావమ్మా."

"అవును సారూ, వాటికి జ్వరం రాదు గదా!"

నీడన కూర్చున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు.

చివరికి భాగీరథి ముందు ఒక్క నీలం జతే మిగిలింది. దాని మనిషి మాత్రం రాలేదు.

"విజయశ్రీ ఏదే? నెలలు నిండిన మనిషి!" అంది భాగీరథి.

"నొప్పులొస్తున్నయని ఉత్తకాళ్లతోనే ఇంటికి పోయింది," అంది ఒకామె.

"అంటే లైన్లో ఒకరు తగ్గి..." అనబోయి జయదేవ్ ఆగిపోయాడు.

"తర్వాతెవరు?" లోపలినుంచి పిలుపు.

చంటిది కాలిపోతోంది. భాగీరథి నీలం చెప్పులు దాటి లోపలికి వెళ్లింది.

మీరెవరైనా అటు వెళ్తే, మరమగ్గాల వెనక గల్లీలో మెట్లకింది గది విజయశ్రీది. ఒక్కసారి తలుపు కొట్టి, ఎట్లా ఉందో చూసి రండి.