ఫ్యాన్ బెల్టు

"బండి స్టార్టవుతుందాండీ?"

గేటు దగ్గర ఎవరో అడిగారు.

శౌరయ్య ట్రాక్టరు కింద నుంచి తల బయటపెట్టాడు. నలభై దాటిన మనిషి. భుజాన సంచి. కుడి చెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

"పాత ఇనుముకి ఇవ్వనయ్యా. వెళ్ళిరా."

"కొనడానికి రాలేదండి. బండి ఇక్కడుందని విజయవాడ షెడ్డులో చెప్పారు. ఎలా ఉందో కనుక్కుందామని."

"ఆ షెడ్డు వాళ్ళు ఇప్పుడు ఇనుము బేరాలు కూడా చేస్తున్నారా?"

ఆ మనిషి నవ్వి లోపలికి వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. వెనక మడ్‌గార్డు మీద తుప్పులో మిగిలిన అక్షరాల దగ్గర ఆగాడు.

"దీవెన" అని చదివాడు.

"నా మనవరాలి పేరు. అదిగో, ఆ బోల్టుతో కుస్తీ పడుతోంది చూడు, అదే."

దీవెన తలెత్తి చూసింది. ఆమె ఉద్యోగం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో. సెలవు రోజుల్లో కంకిపాడు వచ్చి తాతతో పాటు గ్రీజు పూసుకుంటుంది.

"చిన్నపిల్లలు కూడా కూడబలుక్కుని చదివేస్తారమ్మా మీ పేరు" అన్నాడు ఆ మనిషి.

కిందటేడు బండిని స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు చెడిపోతే శౌరయ్య దాన్ని విజయవాడలో ఒక షెడ్డుకి పంపాడు. ఆ వారమే బుడమేరు వాగు పొంగి నగరం మునిగింది. షెడ్డులోంచి ఎవరో బండిని తీసుకుపోయారు. నీళ్ళు తగ్గాక అది ఒక వీధి మధ్యలో దొరికింది. ఇంజన్లో నీళ్ళు చేరి ఆయిల్ టీ రంగుకి తిరిగింది. శౌరయ్య పోలీసు కేసు పెట్టాడు. దొంగ దొరకలేదు.

ఊరి చర్చి పండక్కి మరియమ్మ తేరును లాగేది శౌరయ్య బండి. కిందటేడు సంజీవరావు కొత్త ట్రాక్టరు లాగింది. ఈ ఏడు కూడా అదే లాగితే ఇక శౌరయ్యను ఎవరూ పిలవరు. పండుగ దగ్గర పడుతోంది.

"ఎవరు తీసుకెళ్ళారో తెలిసిందాండీ?" అని అడిగాడు ఆ మనిషి.

"తెలిస్తే ఇంకేం. దొరికితే చెయ్యి విరగ్గొడతాను."

"అంత కష్టం మీకెందుకులెండి."

అతను సంచిలోంచి కొత్త ఫ్యాన్ బెల్టు తీసి ఎడం చేత్తో అందించాడు.

శౌరయ్య అందుకోలేదు.

"పెద్దవాళ్ళకి ఎడం చేత్తో ఇస్తారటయ్యా? ఆ చెయ్యి జేబులోంచి తియ్యడానికి బద్ధకమా?"

ఆ మనిషి బెల్టును మడ్‌గార్డు మీద పెట్టాడు.

"స్టార్ట్ చేసే రోజు కబురు చేస్తే వస్తానండి. ఒక్కసారి విని పోతాను."

"జేబులో చెయ్యి పెట్టుకుని తమాషా చూసేవాళ్ళు మా ఊళ్ళో చాలామంది ఉన్నార్లే."

అతను వెళ్ళిపోయాడు. పేరు చెప్పలేదు. వీళ్ళూ అడగలేదు.

సాయంత్రానికి బానెట్ బోల్టులు ఊడాయి. ఫ్యాన్‌కి చీర పేలికలు చుట్టుకుని ఉన్నాయి. బెల్టు తెగి కింద పడి ఉంది.

"తాతయ్యా, బానెట్ మనం ఇప్పుడేగా తెరిచింది. బెల్టు పోయిందని ఆయనకెలా తెలుసు?"

"నీళ్ళలో మునిగిన బండికి బెల్టు మిగులుతుందా? ఎవడైనా చెప్తాడు."

"బ్యాటరీ తేలేదు, ఫిల్టర్ తేలేదు. బెల్టే ఎందుకు తెచ్చాడు?"

"అదే చవక కాబట్టి."

సీటు కింద పెట్టెలో చిన్నపిల్ల చెప్పు ఒకటి దొరికింది. పక్కన పాలసీసా మూత.

"చూశావా. నా బండేసుకుని కొంపలు దోచాడు. చీరలు, పిల్లల చెప్పులు కూడా వదల్లేదు."

"ఒంటి చెప్పు ఎవరు దోస్తారు తాతయ్యా?"

 శౌరయ్య చెప్పును పారెయ్యబోయి గోడ మీద పెట్టాడు.

ఇద్దరూ బిగుసుకున్న ఇంజన్లో డీజిల్ పోసి నానబెట్టారు. సెల్ఫ్ మోటారు కొత్తది వేయించారు. ఆ మోడలు ఫ్యాన్ బెల్టు మాత్రం ఆటోనగర్‌లో దొరకలేదు. చివరికి మడ్‌గార్డు మీద ఉన్నదాన్నే బిగించారు. సరిపోయింది.

పండుగకు రెండు రోజుల ముందు ఇంజను దగ్గింది, పొగ వదిలింది, ఆగకుండా తిరిగింది. దీవెన మడ్‌గార్డు మీద తన పేరు తానే మళ్ళీ రాసుకుంది.

పండుగనాడు తేరును శౌరయ్య బండే లాగింది. పక్కన మడ్‌గార్డు మీద దీవెన కూర్చుంది. మలుపు దగ్గర కొవ్వొత్తులు వెలిగించడానికి బండి ఆపారు. శౌరయ్య ఇంజను ఆపలేదు.

రోడ్డు పక్కన ఒక పాప వేలు పెట్టి చదివింది.

"దీ... వె... న. అమ్మా, మన బండి."

"మీదెప్పుడైందే?" అని నవ్వాడు శౌరయ్య.

"నా చెప్పు దీంట్లోనే పోయింది" అంది పాప.

శౌరయ్య నవ్వు ఆగింది.

పాప తల్లి బండి దగ్గరకు వచ్చి మడ్‌గార్డు మీద చెయ్యి వేసింది. పండక్కి విజయవాడ నుంచి చుట్టాలింటికి వచ్చిన మనిషి.

"వరదలో మమ్మల్ని బయటికి తెచ్చింది ఈ బండేనండీ. వెనక ట్రక్కు తగిలించి మా వీధి మొత్తాన్ని తీసుకొచ్చాడాయన. పాప ఏడుస్తుంటే, ఈ పేరు చదువుతూ ఉండమన్నాడు."

"ఎవరతను?"

"తెలీదండీ. మా వీధి మనిషి కాదు. ఆఖరి ట్రిప్పులో నీళ్ళలో కొట్టుకొచ్చిన చీర ఫ్యాన్‌కి చుట్టుకుంది. తోసి స్టార్ట్ చేసిన బండి, నీళ్ళలో ఆపితే మళ్ళీ స్టార్టవదని, ఇంజను తిరుగుతుండగానే చెయ్యి పెట్టి లాగాడు."

ఆమె పాపను దగ్గరకు తీసుకుంది.

"మణికట్టు దాకా పోయిందండీ."

దీవెన బండి దిగింది.

"ఏ చెయ్యండీ?"

"కుడి చెయ్యి."

బండి కదల్చమని తేరు వెనక నుంచి ఎవరో కేక వేశారు.

ఎడం చేత్తో ఇచ్చాడని శౌరయ్య అందుకోని బెల్టు బానెట్ కింద తిరుగుతూ ఉంది.