మిషను చూపిన చేపలు

కొత్త బోటుకు బెజ్జం వేయడమంటే చిన్నబ్బకు మనసొప్పలేదు.

"నీళ్లు రావా కృష్ణమూర్తీ?"

"నీళ్లకు పైన ఏస్తాండాలేప్పా. తీగ పోవాల గదా."

కృష్ణమూర్తి సూళ్లూరుపేటలో టీవీలు బాగుచేస్తాడు. చేపల మిషను చూడటం అదే మొదలు. చిన్నబ్బ దాన్ని మద్రాసులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. టిఫిన్ డబ్బా అంత పెట్టె, దానికి ముందు అద్దం. సబ్బుబిళ్లంత నల్లటి ముక్క ఇంకొకటి. ఆ ముక్క నీళ్లలో మునిగి ఉంటే కిందున్న చేపలు అద్దంలో కనిపిస్తాయట.

ముక్కను బోటు వెనక బిగించారు. బ్యాటరీ తీగ కలిపారు. మిగిలిన తీగలన్నీ చుట్టచుట్టి పెట్టె వెనక్కి తోసి, కృష్ణమూర్తి మీట నొక్కాడు.

అద్దం వెలిగింది. చిన్న చిన్న చేపల బొమ్మలు వరసగా కదిలాయి.

చిన్నబ్బ భార్య గురవమ్మ టీ తెచ్చి, మోకాటి లోతు నీళ్లలో నిలబడి చూసింది.

"ఈడ నా కాళ్లు తప్ప ఇంకేమీ లేవే. అన్ని చేపలు యాడుండాయి?"

"మిషను దూరంగా సూస్తాదిలే అక్కా," అన్నాడు కృష్ణమూర్తి. అతనికీ తెలియదు.

మొగుడు నవ్వితే తనూ నవ్వింది గానీ, ఆమెకు అర్థం కాలేదు.

అప్పుడే ఒక ముసలాయన సంచీ పట్టుకుని ఇసుకలో నడుచుకుంటూ వచ్చాడు. పేరు కుప్పయ్య అన్నాడు. పళవేర్కాడు రేవు వైపు మనిషినన్నాడు.

"పడవలో ఏదైనా పని ఇప్పించు నాయనా."

"ఈ వయసులో వల లాగతావా పెద్దాయనా?"

"లాగతా. లేదంటే తిరపతికి పోవాల. మా పాప దేవకమ్మ బస్టాండు యెనక లాడ్జీలో ఊడుస్తాది. నన్ను ఆడ గేటు కాడ కూర్చోబెడతానంటాది. సముద్రం లేని చోట నేనుండలేనప్పా."

ఆ రోజు పడవ మనుషుల్లో ఒకడికి జ్వరం. చిన్నబ్బ సరే, ఎక్కమన్నాడు.

సముద్రంలోకి పోయాక అద్దం నిండా చేపలే. ఇటు చూసినా చేపలు, అటు చూసినా చేపలు. వల ఎక్కడ వేయాలో చిన్నబ్బకు తోచలేదు.

"ఇంజను రవ్వంత ఆపు నాయనా," అన్నాడు కుప్పయ్య.

"ఏం, తల తిరగతాండాదా?" అన్నాడు తోటివాడు సుబ్బన్న. "సముద్రం లేకుంటే ఉండలేనంటివే."

ముసలాయన తెడ్డు నీళ్లలో దించి, దాని పిడి మీద తల వాల్చి కళ్లు మూసుకున్నాడు.

"నిద్రపోతాండాడు," అన్నాడు సుబ్బన్న.

"ఇంకొంచెం తూరుపుకు పో," అన్నాడు కుప్పయ్య, కళ్లు తెరవకుండానే.

పోయారు. మళ్లీ ఇంజను ఆపమన్నాడు. మళ్లీ తల వాల్చాడు.

"ఈడ ఎయ్యి."

చిన్నబ్బ అద్దంలోకి చూశాడు. చేపలు.

"మిషను కూడా అదే చెప్తాండాది. ఎయ్యండి."

నిండిన వల లాగడానికి నలుగురికీ ఊపిరి చాలలేదు.

ఒడ్డున పల్లె మొత్తం చేరి మిషనును చూసింది. గురవమ్మ దానికి బొట్టుపెట్టి టెంకాయ కొట్టింది. జనం మధ్య నుంచి కుప్పయ్య ముందుకొచ్చాడు.

"రేపు కూడా రమ్మంటావా నాయనా?"

"మిషనుండాది గదా పెద్దాయనా. జరం మనిషి కూడా రేపటికి లేస్తాడు." చిన్నబ్బ సంచీ నిండా చేపలు పెట్టి ఇచ్చాడు. "మీ పాపకు తీసకపో."

ముసలాయన కొంతసేపు నీళ్లకేసి చూసి, రోడ్డెక్కాడు.

మర్నాటి నుంచి వల ఖాళీ.

అద్దం నిండా చేపలే, వలలో మాత్రం పొలుసు కూడా లేదు. చిన్నబ్బ వల మార్చాడు. వేళ మార్చాడు. గురవమ్మ దిష్టికి నిమ్మకాయలు కట్టింది. "కండ్లకు అగపడేవి చేతికి రాకపోవడమేందయ్యా?" అని అడిగితే చిన్నబ్బ కసిరాడు. అతనికీ అదే ప్రశ్న.

నెల తర్వాత మద్రాసు నుంచి ఈ మిషన్ల పని తెలిసిన మెకానిక్‌ను పిలిపించాడు. సునీల్‌కుమార్ పెట్టెను వెనక్కి తిప్పి, చుట్టలోంచి ఒక తీగ బయటికి లాగాడు.

"నీళ్లలో ముక్కకు పోయే తీగ ఇదేనన్నా. దీన్ని పెట్టెకు తగిలించనే లేదు."

"మరి చేపలు అగపడతాండాయి గదా?"

"ఉత్త బొమ్మలన్నా. తీగ లేకుంటే మిషను అట్లే ఆడించుకుంటాది. అంగట్లో కొనేవాళ్లకు సూపించేదానికి పెట్టింటారు."

గురవమ్మ తన కాళ్ల చుట్టూ ఉన్న నీళ్లను చూసుకుంది.

"అయితే మొదటి దినం వల నిండింది గదప్పా?" అన్నాడు చిన్నబ్బ. "ఆ పొద్దు కూడా ఇంతేనా?"

"ఏ పొద్దైనా ఇంతే."

సుబ్బన్న మెల్లగా అన్నాడు. "ఆ పొద్దు ఈడ ఎయ్యమనింది మిషను కాదు మామా. ఆ ముసలాయన."



మర్నాడు చిన్నబ్బ తిరుపతి బస్సెక్కాడు. బస్టాండు వెనక లాడ్జీలన్నీ తిరిగాడు. ఐదో లాడ్జీలో మెట్లు తుడుస్తున్నామె తలెత్తింది.

"దేవకమ్మంటే నేనే. ఏమన్నా?"

"మీ నాయన కోసరం వచ్చినా తల్లీ. మా పడవలోకి పిలచుకోని పోదామని."

"నిన్ననే పళవేర్కాటికి తీసకపోయిరే. మునుపు పంజేసిన పడవలోళ్లు. ఇంజన్లు వచ్చినాక ముసిలోడెందుకని పంపించేసినారు. ఇప్పుడు నలుగురొచ్చి బతిమాలుకున్నారు."



"ఒక్క మాట చెప్పు తల్లీ. చేపలు ఆడుండాయని మీ నాయనకు ఎట్ట తెలిసె?"

దేవకమ్మ చేతిలోని గుడ్డ బకెట్లో వేసి అతన్ని వింతగా చూసింది.

"పడవలో ఎక్కించుకోని కూడా తెలుసుకోలేదా అన్నా? నీళ్లలో చేపల అరుపు మా నాయనకు తెడ్డులోంచి వినపడతాది."