ముగ్గురికి తొమ్మిది మంది

"వచ్చే వారం నుంచి రాకండి" అంది వయొలిన్ టీచరు.

అతను అప్పుడే పెట్టె తెరిచి కమాను చేతిలోకి తీసుకున్నాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. తెలిసిపోయిందన్నమాట, అనుకున్నాడు. ఎనిమిది నెలలుగా ఈ ఇంటి మెట్లెక్కిన ప్రతిసారీ అతను భయపడుతున్నది ఈ మాటకే.

ఈ ఇంట్లో అతనొక బీమా ఆఫీసు గుమాస్తా. బయట మాత్రం 'గుండుసూది'. ఆదివారం ఆదివారం పత్రికలో రాష్ట్ర రాజకీయాల మీద ఆ పేరుతో రాసేది అతనే. గద్దె మీద ఎవరున్నా గుచ్చుతాడు, దిగిపోయాక కూడా వదలడు. అతని మొహం ఎవరికీ తెలియదు గానీ అతని వెటకారం ఊరందరికీ తెలుసు.

నిరుడు ఒక ఆదివారం ఆ సూది ప్రభుత్వ సంగీత పాఠశాలకు గుచ్చుకుంది. 'ముగ్గురికి తొమ్మిది మంది' అని శీర్షిక పెట్టాడు. ముగ్గురే విద్యార్థులున్న బడిలో తొమ్మిది మంది పంతుళ్లు పొద్దున్నే సంతకాలు పెట్టి ఇళ్లకు పోతున్నారని, ప్రభుత్వానికి జోల పాడటం తప్ప వాళ్లకు వేరే పని లేదని రాశాడు. జనం పడీపడీ నవ్వారు. ప్రతిపక్షం ఆ కాగితాన్ని శాసనసభలో ఊపింది. మంత్రిగారికి రోషం పుట్టుకొచ్చింది. నెల తిరక్కుండా బడికి తాళం పడింది.

ఆ తాళం ఫొటో తన పత్రికలోనే చూశాక అతనికి ముద్ద దిగలేదు. ఎందుకంటే ఆ లెక్క అతను తిరిగి కనుక్కున్నది కాదు. సంతకం లేని ఒక ఉత్తరంలో వచ్చింది. ఎడమవైపుకు ఒరిగిన గుండ్రటి అక్షరాలతో నాలుగు పేజీలు. పైకప్పు కారుతోందని, వాయిద్యాలకు చెదలు పట్టాయని, అందుకే పిల్లలు రావడం మానేశారని. అన్నిటికన్నా చివర ఒక వాక్యం: 'మూసెయ్యమని కాదండీ, బాగుచేయించమని రాస్తున్నాను.' అది పెడితే వెటకారం చప్పబడిపోతుందని ఆ వాక్యాన్ని వదిలేశాడు. ఈ సంగతి ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు.

మూతపడ్డ బడిలోని వయొలిన్ టీచరు ఇంట్లోనే పాఠాలు చెబుతోందని వినగానే, యాభై రెండో ఏట వచ్చి శిష్యుడైపోయాడు. తప్పు దిద్దుకోవడానికో, తన తప్పును దగ్గర్నుంచి చూడటానికో అతనికే తెలియదు. అతను సాధన చేస్తుంటే, ఆ తలుపు బందులకి కాస్త నూనె వెయ్యమని వంటింట్లోంచి భార్య అరుస్తుంది. అయినా మానలేదు. ఇరవై ఏళ్లుగా అందరి తప్పులూ పట్టినవాడికి తన తప్పు తన చెవికే వినబడటం కొత్తగా ఉంది.

నొక్కకండి, కమాను బరువే చాలు, మీరు నొక్కితే తీగ ఏడుస్తుంది అంటుంది టీచరు. ఆ మాట అన్నప్పుడల్లా అతనికి తన కలం గుర్తొచ్చి తల వంచుకుంటాడు. ఆమెకు ఇంకో పట్టుదల కూడా ఉంది. స్వరాలు నోటితో చెబుతుంది, రాసుకోవలసింది నేర్చుకునేవాళ్లే. శిష్యుల పుస్తకంలో తన చేత్తో ఒక్క గీత గీయదు. తను రాసిస్తే కంటికొస్తుంది గానీ చేతికి రాదట.

"ఎందుకు రావద్దండీ?" అన్నాడు చివరికి.

టీచరు తన వయొలిన్ మీద గుడ్డ కప్పి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "నిన్న బట్టల షాపులో మా ఫ్లూటు మాస్టారు కనబడ్డారు. గుమ్మం దగ్గర తలుపు తీసే ఉద్యోగం. నన్ను చూసి నవ్వి, తలుపు తీసి పట్టుకున్నారు. నేను లోపలికెళ్లాను, చూడండి. వెనక్కి వచ్చెయ్యాలని కూడా తోచలేదు."

కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది. "మిగతా ఎనిమిది మందీ అలా అయిపోతే నేనిక్కడ కూర్చుని పాఠాలు చెప్పడం నా వల్ల కావడం లేదండీ. నాలుగు ముక్కలు రాసినంత మాత్రాన ఇంత జరుగుతుందని ఎవరనుకుంటారు?"

ఆ చివరి మాట సూటిగా అతని గుండెల్లో దిగింది. ఇక దాచి లాభం లేదు. కమాను పెట్టెలో పెట్టేశాడు.

"టీచరుగారూ, నాది బీమా ఆఫీసు కాదు. గుండుసూదిని నేనే."

ఆమె ఇటు తిరిగింది. అతను ఆపకుండా చెప్పుకుపోయాడు. జనాన్ని నవ్వించాలనే రాశానని, బడి మూసేస్తారని కలలో కూడా అనుకోలేదని, ఆ సిగ్గుతోనే ఇక్కడికొచ్చి చేరానని, వచ్చాక ఈ తీగల మీద నిజంగానే మనసు పడ్డానని, పంపెయ్యొద్దని. ఉత్తరంలోంచి తను వదిలేసిన ఆ వాక్యం కూడా గొంతు దాకా వచ్చింది. అది చెబితే ఈ గుమ్మం ఇక తొక్కనివ్వదనిపించి మింగేశాడు.

"నేను కల్పించింది ఏమీ లేదండీ. మీ బడి లోపలివాళ్లే ఎవరో ఉత్తరం రాశారు. అందులో ఉన్నదే రాశాను."

టీచరు మొహంలో నెత్తుటి చుక్క లేదు. తిడుతుందనుకున్నాడు, తిట్టలేదు.

"ఉన్నదంతా రాశారా?" అంది మెల్లగా.

"రాశానండీ."

ఆమె లేచి వచ్చి అతని ఒళ్లోని స్వరాల పుస్తకం తీసుకుంది. అతని జేబులోని పెన్ను అడిగి తీసుకుని, ఎన్నడూ లేనిది, అందులో తన చేత్తో ఏదో రాసి అతని ముందు పెట్టింది. ఎడమవైపుకు ఒరిగిన గుండ్రటి అక్షరాలు.

'మూసెయ్యమని కాదండీ, బాగుచేయించమని రాస్తున్నాను.'