చెవుల్లేని బండి

తుఫాను హెచ్చరిక రాగానే ఊళ్లోని డ్రైవరు లేకుండా నడిచే బండ్లన్నీ తమంతట తామే ఆగిపోయాయి. ఎంత బతిమాలినా "ప్రయాణం క్షేమం కాదు" అన్నాయే తప్ప చక్రం కదపలేదు. అసిరినాయుడి మేకల మందేమో సముద్రానికి దగ్గరగా, పల్లపు పాకలో ఉంది. గత్యంతరం లేక అతను ఏళ్లుగా ఆ పాక పక్కనే శాలలో మూలుగుతున్న పాత పికప్ మీద పడ్డాడు.

బ్యాటరీ మార్చి, పడవలోని డీజిల్ తెచ్చి పోశాడు. ఇంజను గిర్రున తిరుగుతోంది గాని అంటుకోవడం లేదు. ఫోన్ని అడిగితే, "లోపమేమిటో మీ బండినే అడగండి" అంది.

"ఇది మాటాడితే నిన్నెందుకు అడుగుతానే!" అని ఫోన్ని గడ్డిలోకి విసిరికొట్టాడు.

"దానిమీద కోపమెందుకు మావా? ముందు డీజిలొత్తందో లేదో సూడు," అంది భార్య దమయంతి.

గొట్టం విప్పితే చుక్క రాలేదు. ఫిల్టరు కడిగినా రాలేదు. ఒళ్లు మండి గొట్టాన్ని నేలకేసి బాదితే, లోపలినుంచి నల్లటి మడ్డి ముద్దగా ఊడిపడింది. మళ్లీ బిగించి తాళం తిప్పాడు. చాలాసేపు దగ్గి దగ్గి, పొగ కక్కుతూ ఇంజను అందుకుంది.

మేకల్ని ఎక్కించి, స్టీరింగు ముందు కూర్చున్న అసిరినాయుడు అలవాటుకొద్దీ "మెట్టమీదికి పోనీ" అన్నాడు. బండి కదల్లేదు.

"ఇంకేటి రోగం దీనికి!" అని పళ్లు నూరాడు.

దమయంతి పక్కన ఎక్కి తలుపేసుకుంది. "దానికి సెవుల్లేవు మావా. గేరెయ్యి."

అతను క్లచ్ తొక్కి వదిలాడు. బండి ఎగిరెగిరి పడుతూ వానలోకి దూకింది.