కత్తి దిగిన చోటు

“అయితే కత్తి ఎక్కడ దిగిందంటారు?” అంది భార్య, కుట్టుమిషను ఆపకుండానే.

“గుండెలో! ఎన్నిసార్లు చెప్పాలి? సరిగ్గా గుండెలో,” అన్నాడు కెప్టెన్, కుర్చీలో ఉన్నాయన గడ్డం గీస్తూనే సెలూన్ గోడ మీది పాత పోస్టరు చూపిస్తూ. అందులో హీరో పడవ అంచున నిలబడి సముద్ర భూతం గుండెల్లో కత్తి దించుతున్నాడు. “ముఖం హీరోదే గానీ, కత్తి పట్టిన చెయ్యి నాది. ఆయనకి నీళ్లంటే చచ్చేంత భయం. సినిమాలో వెనక నుంచి తీశారు కాబట్టి నేనని తెలీదు.”

“పాపం,” అంది ఆమె. ఎవరిని చూసి అందో చెప్పలేదు.

కెప్టెన్ జన్మలో ఓడ ఎక్కలేదు. గడ్డానికి సబ్బు పూశాక కదల్లేని మనుషులకు ఈ కథ చెప్పీ చెప్పీ ఆ పేరు సంపాదించాడు. నిజానికి ఆ సినిమాలో వేషం మాట అటుంచి, సినిమానే చూడలేదు. అది వచ్చినంత వేగంగానే పోయింది, ఆ తర్వాత రీళ్లు కాలిపోయాయన్నారు. ఇక అతని నోటికి అడ్డేముంది? పెళ్లి మాటలకు వెళ్లినప్పుడు పిల్లకు కూడా ఇదే కథ చెప్పాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వి, పెద్దవాళ్లు అడగకముందే సరేనంది. తన ధైర్యానికే మనసు పారేసుకుందని ఇప్పటికీ అతని నమ్మకం. అంతకుముందు ఆమె ఎక్కడ కుట్టుపని చేసేదో అతను అడగనే లేదు. తన కథకే సమయం చాలలేదు మరి.

సినిమా హాలు మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు.

“కెప్టెన్ గారూ! మీ సినిమా దొరికింది!”

“ఏ సినిమా?”

“ఇంకేదండీ, సముద్ర భూతం! ఎవరిదో అటక మీద రీళ్లున్నాయట. ఆదివారం మధ్యాహ్నం మా హాల్లో వేస్తున్నాం. ఆట అయ్యాక మీరు మైకులో మాట్లాడాలి.”

కుర్చీలో ఉన్నాయన సగం గడ్డం అలాగే ఉండిపోయింది. “కాలిపోయాయన్నారుగా?” అన్నాడు కెప్టెన్.

“కాలలేదండీ, అదృష్టం!”

“అదృష్టమే,” అన్నాడు కెప్టెన్ ఏడుపు గొంతుతో.

ఆదివారానికి జ్వరం తెచ్చుకుందామని రోజూ తల తడుపుకున్నాడు. తుమ్ము కూడా రాలేదు. వీధంతా నవ్వితే నవ్వనీ, సెలూన్ ఇంకో వీధికి మార్చుకోవచ్చు. కానీ ఆవిడో? కథ విని చేసుకున్న మనిషి, ఆ కథే అబద్ధమని తేలితే తన ముఖం చూస్తుందా? ఆ ఆలోచనకే అతనికి అన్నం సయించలేదు.

“మబ్బు పట్టిందే. నీకు భుజం నొప్పి మొదలవుతుంది. ఇంట్లోనే ఉందాం,” అన్నాడు ఆదివారం.

“పెళ్లికి ముందు తగిలిన దెబ్బ, ఈవేళ కొత్తేమిటి? పదండి,” అని ముందు నడిచింది ఆమె.

తెర మీదికి భూతం రాగానే హాలంతా గొల్లుమంది. అది తడిసిన పరుపులా ఉంది. కళ్లు మాత్రం పళ్లేలంత.

“నవ్వుతారేం? దానికి కళ్లే కనబడవు,” అని విసుక్కుంది భార్య.

“అంతంత కళ్లు పెట్టుకునా?”

“అవి తీసుకెళ్లి నెత్తి మీద కుట్టారు. ఇప్పుడు తోక తొక్కుకుని పడుతుంది చూడండి.”

భూతం తోక తొక్కుకుని దబ్బున పడింది.

“నీకెలా తెలుసు?”

“అంత పొడుగు తోక కుడితే పడక చస్తుందా?”

కుట్టుపని వచ్చినవాళ్లతో సినిమాకి రాకూడదనుకున్నాడు కెప్టెన్.

ఇంతలో హీరో నీళ్లలోకి దూకాడు. నీళ్లంటే భయమన్న మనిషి చేపలా ఈదాడు. ముఖం నిండా వెలుతురు పడేలా ఇటు తిరిగి మరీ భూతాన్ని పొడిచాడు. అదీ గుండెలో కాదు, భుజంలో. పక్కన భార్య “అబ్బా!” అంది. తన పరువు పోయినందుకే అనుకుని కెప్టెన్ కుర్చీలో ఇంకాస్త కిందికి జారాడు.

దీపాలు వెలిగాయి. మేనేజరు మైకు పట్టుకుని, “కెప్టెన్ గారూ... మరి... ఒకసారి ఇలా...” అని నీళ్లు నమిలాడు. తలలన్నీ ఇటు తిరిగాయి. కెప్టెన్ ముందు కుర్చీ వెనక తల దాచుకున్నాడు.

లేచింది భార్య.

“ఇంటికెళ్లాక ఎంతైనా తిట్టవే, ఇక్కడొద్దు,” అని బతిమాలాడు కెప్టెన్.

“మీరు కూర్చోండి,” అని ఆమె వెళ్లి మైకు ముందు నిలబడింది.

“పొడిచింది హీరోయే కదమ్మా! మరి కెప్టెన్ గారు...” అని నసిగాడు మేనేజరు.

“ఎవరు పొడిచారో నేను చూడలేదు బాబూ. అందుకే మా ఆయన తనే పొడిచానంటే ఇన్నేళ్లూ కాదనలేదు. అంతా చీకటి.”

“చీకటేమిటమ్మా, తెర మీద అంత బాగా కనబడుతుంటే! హాల్లో మీరెక్కడ కూర్చున్నారు?”

ఆమె భుజం రుద్దుకుంటూ మైకు దగ్గరికి లాక్కుంది.

“హాల్లో కాదు బాబూ, భూతం లోపల.”